మందుల పరీక్షలో సిపాయి, నర్సు

పొన్నూరు నుండి ప్రత్తిపాడు, గుంటూరు దిక్కుగా పోతే వరిమళ్ళు తగ్గి నల్లరేగడి చేలు మొదలవుతాయి. ప్రత్తి, మిరప పండే ఆ నేలల్లో ప్రతి సంవత్సరమూ ఏదో ఒక కొత్త విత్తనం వస్తుంది. ఒక రైతు దానిని వేసి, పాత విత్తనం వేసిన పొరుగు రైతుకంటె రెండు బస్తాలు ఎక్కువ పండించాడనుకొందాం. విత్తనం మంచిదని అప్పుడే చెప్పవచ్చునా? కొత్త విత్తనం కోసం ముందుగా పట్నం వెళ్ళిన రైతు సాధారణంగా జాగ్రత్తపరుడు. అతడు ఎరువు వేళకు వేస్తాడు, పురుగును వేళకు చూస్తాడు, నీటివసతి గల చేనే దానికి కేటాయిస్తాడు. పెరిగిన దిగుబడిలో విత్తనం వంతు ఎంతో, రైతు వంతు ఎంతో ఎవరు విడదీయగలరు?

గుంటూరు ప్రక్కన లాంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి చోట్ల ఈ చిక్కును తీర్చటానికి ఒకే చేనును చిన్న చిన్న మళ్ళుగా విభజిస్తారు. ఏ మడిలో ఏ విత్తనం వేయాలో చీట్లు వేసినట్లుగా నిర్ణయిస్తారు. అన్ని మళ్ళకూ ఒకే నీరు, ఒకే ఎరువు. అప్పుడు కనిపించే తేడాను విత్తనానికి ఆపాదించవచ్చును. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రంలో పనిచేసిన ఫిషర్ 1920 ప్రాంతాలలో ఈ పద్ధతికి గణితశాస్త్రపు పునాది వేశాడు. 1947లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందును ఇదే విధంగా రోగులను రెండు గుంపులుగా చేసి పరీక్షించారు. నేడు కొత్త మందుగాని, టీకాగాని ప్రజలకు చేరటానికి ముందు దాటవలసిన కడపటి మెట్టు ఇట్టి పరీక్షయే.

అయితే మడికి నోరు లేదు. మనిషికి ఉన్నది. మందుల పరీక్షకు మొదట పిలుపు అందుకొనేవారిలో సిపాయిలు, ఆసుపత్రి సిబ్బంది తరచు కనిపిస్తారు. వారినే ఎందుకు పిలుస్తారు, వారు చెప్పే “సరే” అనే మాటను ఎంతవరకు నమ్మవచ్చును అనే రెండు ప్రశ్నలను కలిపి చూడటం అవసరం.

మొదటి ప్రశ్నకు సమాధానం తేలికే. టీకా పనిచేసినదీ లేనిదీ తెలియాలంటే, పరీక్షలో ఉన్నవారిలో కొందరికైనా ఆ రోగం రావాలి. నూటికి ఒకరికి కూడ రాని రోగమైతే వేలాది మందిని సంవత్సరాల తరబడి గమనించవలసి ఉంటుంది. శిబిరంలో ఒకే బావి నీరు త్రాగే సిపాయికి, రోగి ప్రక్కన నిలబడే నర్సుకు అంటురోగం త్వరగా సోకే అవకాశం ఎక్కువ. పైగా వీరు ఒకచోట ఉంటారు; వయస్సు, ఆరోగ్యం వివరాలు దస్తరాలలో ఉంటాయి; ఆరు నెలల తరువాత వెదకి పట్టుకోవటం సులభం. శాస్త్రవేత్తకు ఇంతకంటె చక్కని మడి దొరకదు. కాని ఈ సుగుణాలన్నీ వారు ఒకరి ఆజ్ఞకు లోబడి ఉండటం వల్ల వచ్చినవే.

తెలుగు నేలమీద దీనికొక పాత ఉదాహరణ ఉన్నది. 1895లో రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో సైనిక వైద్యుడు. మలేరియాకు దోమ కారణమని లండనులోని మాన్సన్ అతనికి సూచించాడు. కాని దోమ నీటిలో పడి చనిపోతుందనీ, ఆ నీరు త్రాగినవారికి జ్వరం వస్తుందనీ మాన్సన్ ఊహ. దానిని పరీక్షించటానికి రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమలు చచ్చిన నీటిని ఒక డోలీ బోయీ చేత త్రాగించాడు. రాస్ వ్రాతలలో అతని పేరు లచ్‌మన్. డోలీ బోయీ అంటే జబ్బుపడిన సిపాయిలను ఆసుపత్రికి మోసుకొనివచ్చే కూలి. అనగా సైన్యానికీ ఆసుపత్రికీ కూడ చెందిన మనిషి, రెండు వరుసలలోనూ అట్టడుగువాడు. అతనికి విషయం చెప్పి ఒప్పించినట్లు రాస్ వ్రాశాడు. క్వినైన్ చేతిలో ఉన్నది కాబట్టి ఈ పని చేయటం తప్పు కాదని కూడ సమర్థించుకొన్నాడు.

లచ్‌మన్‌కు కొన్ని రోజులకు జ్వరం వచ్చినది. రాస్ సంతోషించాడు. కాని రక్తంలో మలేరియా క్రిములు కనిపించలేదు. తరువాత అదే నీటిని ఇంకా కొందరికి ఇచ్చి చూస్తే చాలమందికి ఏమీ కాలేదు. జ్వరాలు మెండుగా ఉన్న ఊరిలో ఒకరికి జ్వరం వస్తే అది త్రాగిన నీటివల్లనే అని ఎలా తెలుస్తుంది? మామూలు నీరు త్రాగినవారితో పోల్చి చూడనిదే తెలియదు. ఊహ తప్పు, పరీక్షకు పోలిక లేదు, ప్రమాదం మాత్రం డోలీ బోయీది. రెండేళ్ళ తరువాత, 1897 ఆగస్టు 20న, అదే సికిందరాబాదులో దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని రాస్ చూశాడు. ఆ దోమలను తన ఒంటిమీద కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ముట్టినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చినది.

ఆ రోజులలోనే ఆల్మ్‌రాత్ రైట్ అనే ఆంగ్ల వైద్యుడు సన్నిపాత జ్వరానికి, అనగా టైఫాయిడ్‌కు, టీకా తయారుచేశాడు. సైన్యంలో ఇష్టపడినవారికి వేశారు. టీకా వేసుకొన్నవారిలో జ్వరాలు తక్కువగా కనిపించినవి. అయినా 1904లో కార్ల్ పియర్సన్ అనే గణాంకవేత్త ఆ లెక్కలను ఒప్పుకొనలేదు. తనంతట తాను వచ్చి టీకా వేయించుకొనే సిపాయి ఆరోగ్యం విషయంలో జాగ్రత్త గలవాడు కావచ్చును. అట్టివాడు నీరు కూడ చూచి త్రాగుతాడు. అతనికి జ్వరం తగ్గటంలో టీకా వంతు ఎంత? కొత్త విత్తనం వేసిన రైతు కథ ఇదే. పియర్సన్ చూపిన ఉపాయం కూడ ముచ్చటైనది. ఇష్టపడినవారందరి పేర్లు ఒక జాబితాలో వ్రాయండి, వారిలో ఒకరిని విడిచి ఒకరికి టీకా వేయండి, అన్నాడు. అప్పుడు రెండు గుంపులలోనూ జాగ్రత్తపరులే ఉంటారు.

సైన్యం ఆ ఉపాయాన్ని యథాతథంగా అనుసరించలేదు గాని, లీష్మన్ పర్యవేక్షణలో లెక్కలు బాగుపడినవి. (కాలా అజార్ క్రిమికి మద్రాసులోని డోనోవన్‌తోపాటు పేరిచ్చినవాడు ఈ లీష్మనే.) భారతదేశం మొదలైన విదేశాలకు వెళ్ళే దళాలలో, ఒకే దళంలో ఒకే చోట ఉండే టీకా వేసుకొన్నవారినీ, వేసుకోనివారినీ వెంట ఉన్న వైద్యాధికారులు గమనించారు. 1909 నాటికి తేలిన లెక్క ఇది: టీకా వేసుకొన్న 10,378 మందిలో 56 మందికి జ్వరం వచ్చినది, 5గురు చనిపోయారు. వేసుకోని 8,936 మందిలో 272 మందికి జ్వరం వచ్చినది, 46 మంది చనిపోయారు. వెయ్యికి ఎందరో విద్యార్థులు భాగించి చూడవచ్చును, ఒకవైపు 5.4, ఇంకొకవైపు 30.4 వస్తాయి. పియర్సన్ ఆక్షేపణ దీనికీ కొంత వర్తిస్తుంది, ఎందుకంటే వేసుకోవటమూ మానటమూ సిపాయి ఇష్టమే. కాని జాగ్రత్త ఒక్కటే ఇంత తేడా తెస్తుందని చెప్పటం కష్టం.

ఈలోగా క్యూబాలో మరొక సంగతి జరిగినది. 1900లో అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ నాయకత్వాన ఒక సంఘం పచ్చజ్వరాన్ని పరిశోధించినది. జ్వరం దోమవల్ల వస్తుందా అని సంఘసభ్యులు ముందు తమమీదనే చూసుకొన్నారు. కారల్ జబ్బుపడి బ్రతికాడు. లాజియర్ సెప్టెంబరు 25న చనిపోయాడు. తరువాత సిపాయిలనూ, స్పెయిన్ నుండి వలస వచ్చినవారినీ చేర్చుకొన్నారు. అప్పుడు రీడ్ ఒక కొత్త పని చేశాడు. వచ్చేవాడికీ సంఘానికీ మధ్య వ్రాతపూర్వకమైన ఒప్పందం పెట్టాడు. ప్రాణాపాయం ఉన్నదని అందులో వ్రాశారు. పాల్గొంటే 100 డాలర్ల బంగారం, జబ్బుపడితే మరో 100. స్పానిష్ భాషలో కూడ పత్రం ఇచ్చారు. నేటి అంగీకార పత్రాలకు మూలపురుషుడు ఇదే అని చెప్పవచ్చును. కిసింగర్, మొరన్ అనే ఇద్దరు యువకులు డబ్బు వద్దన్నారు. మరుసటి సంవత్సరం అక్కడే మరొక వైద్యుని ప్రయోగంలో క్లారా మాస్ అనే నర్సు దోమలచేత కుట్టించుకొని, 1901 ఆగస్టు 24న మరణించినది. ఆమెకు 25 ఏళ్ళు. ఆ మరణంతో ప్రజలలో ఆందోళన చెలరేగి అక్కడ మనుషులమీద పచ్చజ్వరపు ప్రయోగాలు ఆగిపోయినవి.

కాగితంమీద సంతకం ఉంటే చాలునా? రెండవ ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. లాజియర్‌కు తాను చేసేది ఏమిటో సంఘంలో అందరికంటె బాగా తెలుసు. సిపాయికి తెలిసినా, ఎదుట కూర్చొని అడిగేవాడు తన పై అధికారి. 1996లో అనేక దేశాలు ఒప్పుకొన్న పరీక్షల ప్రమాణాలలో, “తేలికగా ఒత్తిడికి లోనయ్యేవారు” ఎవరో చెప్పే వాక్యం ఒకటి ఉన్నది. వైద్య, నర్సింగ్ విద్యార్థులు, ఆసుపత్రులలోని క్రింది ఉద్యోగులు, సైనికులు, నిర్బంధంలో ఉన్నవారు అందులో ఒకే వరుసలో ఉంటారు. నర్సును ఖైదీ ప్రక్కన చేర్చటం వింతగా తోచవచ్చును. ఆ వాక్యం చూసేది గౌరవాన్ని కాదు, కాదన్నందుకు ఎదురయ్యే ఫలితాన్ని. సెలవు, బదిలీ, పదోన్నతి, పరీక్షలో మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో వారే అడిగితే “వద్దు” అనే మాట నోటివరకు వచ్చి ఆగిపోతుంది.

నేపాల్‌లో 2001 నుండి 2004 వరకు జరిగిన పరీక్ష ఇందుకు దగ్గరి సాక్ష్యం. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లలో ‘హెపటైటిస్ ఇ’ అనే రకం ఒకటి. 1955–56లో ఢిల్లీలో వేలాదిమందిని పడవేసినది అదే. దానికి టీకాను మొదట నేపాల్ గ్రామస్థులమీద పరీక్షించాలనుకొన్నారు. అక్కడ అభ్యంతరాలు రాగా సైనికులవైపు మళ్ళారు. 2,000 మంది చేరారు. మూడు మోతాదులూ పూర్తిచేసినవారిలో టీకా పొందిన 898 మందిలో ముగ్గురికి, ఉత్తసూది పొందిన 896 మందిలో 66 మందికి రోగం వచ్చినది. శాస్త్రంగా చూస్తే లోపం లేని పరీక్ష. అడగవలసినవి వేరే ఉన్నవి. గ్రామస్థులు కాదన్న పనిని సైనికుడు కాదనగలడా? ఇంత చక్కగా పనిచేసిన టీకా నేపాల్ ప్రజలకు అందినదా? అందలేదు. ఆ టీకాను తయారుచేసిన సంస్థ దానిని విపణిలోనికి తేనేలేదు.

ఆసుపత్రి సిబ్బంది వంతు కోవిడ్ కాలంలో వచ్చినది. క్షయకు వేసే బి.సి.జి. టీకా కోవిడ్ నుండి కూడ కాపాడుతుందని 2020లో చాలమంది ఆశించారు. ఆస్ట్రేలియా, బ్రెజిల్ మొదలైన అయిదు దేశాలలో దాదాపు 4,000 మంది ఆరోగ్య సిబ్బందిని రెండు గుంపులుగా చేసి చూశారు. 2023లో వెలువడిన ఫలితం ప్రకారం కాపాడలేదు. అది తెలియటానికి ఉత్తసూది వేసుకొన్న గుంపే ఆధారం.

హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ సంగతి కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 2020 నవంబరులో మొదలైన మూడవ దశ పరీక్షలో 25,798 మంది చేరారు. వారిలో సగం మందికి టీకా, సగం మందికి ఉత్తసూది; ఎవరికి ఏది అందినదో వారికి తెలియదు. తరువాత తేలిన లెక్కలో 130 మందికి లక్షణాలతో కోవిడ్ రాగా, వారిలో 24 మంది టీకా గుంపువారు, 106 మంది రెండవ గుంపువారు. కాని ఈ ఫలితం రాకముందే, 2021 జనవరి 3న, “పరీక్షా పద్ధతిలో” వాడుటకు దానికి అనుమతి లభించినది. జనవరి 16న దేశంలో టీకాలు మొదలైనప్పుడు ముందు వరుసలో నిలిచినవారు ఆరోగ్య సిబ్బంది. కోవాక్సిన్ వంతుకు వచ్చినవారు అంగీకార పత్రంమీద సంతకం చేశారు. ఏ టీకా కావాలో ఎంచుకొనే వీలు వారికి లేదు. పోల్చే గుంపు లేదు కాబట్టి దానిని పరీక్ష అనటం కష్టం. పత్రం ఉన్నది కాబట్టి మామూలు టీకా అనటమూ కష్టం. ఢిల్లీలోని ఒక పెద్ద ఆసుపత్రి యువవైద్యులు తమకు రెండవ టీకా ఇవ్వమని వ్రాతపూర్వకంగా కోరారు. మార్చిలో ఆ “పరీక్షా పద్ధతి” నిబంధనను తొలగించారు. టీకా మంచిదని తేలటం ఒక సంగతి. తేలకముందు అడిగిన తీరు మరొక సంగతి.

ఒకరికి బదులు ఇంకొకరు సంతకం చేయటం ఇంతకంటె పెద్ద తప్పు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే టీకాను ఒక ప్రదర్శన పథకం క్రింద వేశారు. తరువాత జరిగిన విచారణలలో బాలికల మరణాలకు టీకా కారణమని తేలలేదు. కాని చూచిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 మీద తలిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకం చేసినట్లు పార్లమెంటు సంఘం 2013లో ఎత్తిచూపినది. పాఠశాలలో పనిచేసేవారు ఈ అంకెను గుర్తుంచుకోవటం మంచిది.

భారతదేశంలో 2019 మార్చిలో వచ్చిన నియమాల ప్రకారం ఏ పరీక్షనైనా నైతిక పరిశీలక సంఘం ముందుగా చూడాలి. అందులో వైద్యేతరులు కూడ ఉండాలి. ఒత్తిడికి లోనయ్యేవారు కొత్త ఔషధాల పరీక్షలో చేరేటప్పుడు వారికి వివరించటమూ, వారు ఒప్పుకోవటమూ దృశ్యంగా, శబ్దంగా నమోదు చేయాలి. పరీక్షవల్ల హాని కలిగితే వైద్యమూ, పరిహారమూ ఇవ్వాలి. ఎప్పుడైనా కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చును. అమెరికా సైన్యంలో మరొక నియమం ఉన్నది: సిపాయిలను పరీక్షకు పిలిచే సభలో వారి పై అధికారి ఉండరాదు, ప్రమాదం ఎక్కువైన పరీక్ష అయితే, దానితో సంబంధం లేని వ్యక్తి ఒకరు అక్కడ ఉండి ఎవరిమీదా ఒత్తిడి లేకుండా చూడాలి.

అధికారి గదిలో ఉంటే ఏమవుతుందో తరగతిలోనే చూడవచ్చును. “ఆదివారం ఉదయం పాఠశాల తోటపనికి ఎవరెవరు వస్తారు?” అని ఉపాధ్యాయుడు అడిగి చేతులెత్తించాలి. మరునాడు అదే ప్రశ్నకు పేరు వ్రాయని చీటీలమీద జవాబు అడిగి, ఒక విద్యార్థి చేతనే డబ్బాలో వేయించి, లెక్కింపజేయాలి. ఆ సమయంలో ఉపాధ్యాయుడు వరండాలో ఉండాలి. తరువాత ఆ రెండు అంకెలను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాయాలి.