నాలుగు రాష్ట్రాలు, ఆరు నదులు, ఒకే రోజు

నాగపూర్ నుంచి బెంగళూరుకు 44వ నెంబరు జాతీయ రహదారి మీద సుమారు 1,080 కిలోమీటర్ల దూరం. మహారాష్ట్రలో బయలుదేరి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను దాటి, కర్ణాటకలో ముగిసే ఈ మార్గాన్ని మోటారు సైకిలు మీద ఒంటరిగా ఒకే రోజులో పూర్తి చేయవచ్చునని యువకులు కొందరు ధీమాగా చెబుతుంటారు. ఇటువంటి యాత్రలకు ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. అమెరికాకు చెందిన ఐరన్ బట్ అసోసియేషన్ 24 గంటలలో 1,000 మైళ్లు, అంటే సుమారు 1,609 కిలోమీటర్లు, నడిపినవారిని గుర్తిస్తుంది. దానితో పోలిస్తే నాగపూర్-బెంగళూరు ప్రయాణం చిన్నదే. ఆ ధీమాలో నిజమెంతో చూడాలని నవంబరు మాసాంతంలో ఒకనాటి తెల్లవారుజామున 4 గంటలకు నాగపూర్‌లో బయలుదేరాను.

దారిలో ఆరు పెద్ద నదులున్నాయి: వార్ధా, పెన్‌గంగ, గోదావరి, కృష్ణ, తుంగభద్ర, పెన్నా. ఒక్కొక్క నదినీ దాటిన తరువాత ఆగిన చోట ఆ వేళను చిన్న పుస్తకంలో రాసుకోవాలన్నది నేను పెట్టుకున్న నియమం. చివరకు ఈ ప్రయాణం సంగతి తేల్చింది ఆ పుస్తకమే.

ఈ రహదారి పూర్వం 7వ నెంబరుది. వారణాసి నుంచి కన్యాకుమారి వరకు ఉండేది. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలను మార్చినప్పుడు అందులోని ఈ భాగం శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి సాగే 44వ రహదారిలో కలిసింది. దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి ఇదే. ఉత్తర-దక్షిణ కారిడార్ పేరిట నాలుగు వరుసలుగా విస్తరించిన తరువాత దీని స్వరూపమే మారిపోయింది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి రావడంతో సరిహద్దులలోని వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రాలు తొలగిపోయాయి. లారీలు గంటల తరబడి బారులు తీరిన చోట్లు కొన్ని ఇప్పుడు గుర్తు పట్టడానికి కూడా వీలులేకుండా ఉన్నాయి. టోల్ గేట్ల వద్ద ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు. ఎడమ పక్కనున్న సన్నని దారిలో ఆగకుండా సాగిపోవచ్చు.

వార్ధా నదిని చీకటిలోనే దాటాను. యవత్మాల్ జిల్లాలో పండర్‌కవడా సమీపిస్తుండగా తెల్లవారింది. రెండు వైపులా పత్తి చేలు. ఉదయం 7 గంటలకు పెన్‌గంగ వంతెన దాటగానే దుకాణాల పేరు పలకలు మరాఠీ నుంచి తెలుగులోకి మారాయి. నేల మాత్రం అదే నల్లరేగడి, పంట అదే పత్తి. ఆదిలాబాద్‌లో టీ తాగి, నిర్మల్ దాటి, సోన్ వద్ద గోదావరిని చేరేసరికి 9 గంటల 15 నిమిషాలు. అప్పటికి సుమారు 290 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఒంట్లో అలసట లేదు. లెక్క ప్రకారం రాత్రి 10 గంటలలోగా బెంగళూరు చేరవచ్చుననిపించింది.

కామారెడ్డికి ఇవతల ఒక ట్రాక్టరు నా వరుసలోనే ఎదురుగా వచ్చింది. బ్రేకు వేసి పక్కకు తప్పుకున్నాను. ఆ రైతును తప్పు పట్టడం సులభమే. అయితే అతని ఊరు రోడ్డుకు ఒక పక్క, పొలం మరొక పక్క ఉంటాయి. మధ్యలో విభాగిని. అవతలికి పోవడానికి దారి ఎంతో దూరంలో ఉంటే, నిబంధన పాటించేందుకు అతడు అంత దూరం పోయి తిరిగి రావాలి. నాలుగు వరుసల రహదారి రాష్ట్రాలను కలిపింది కాని, ఊరికీ పొలానికీ మధ్య అడ్డుగా కూడా నిలిచింది. సర్వీసు రోడ్డు లేని చోటల్లా ఈ ఎదురు ప్రయాణం సాగుతూనే ఉంటుంది.

హైదరాబాద్ వద్ద మరొక సంగతి ఎదురైంది. నగరంలోకి రాకుండా చుట్టివెళ్లేందుకు 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు ఉంది. అయితే దాని ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. వేగంగా పోయే కార్ల మధ్య మోటారు సైకిలు నడపడం ప్రమాదకరమన్నది దీనికి కారణం. ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీదా ఇదే నిషేధం. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023 ఆగస్టు 1 నుంచి దీన్ని అమలు చేశారు. కనుక కార్లు వలయ మార్గం పట్టగా, నేను మేడ్చల్, బోయినపల్లి మీదుగా నగరం నడిబొడ్డులోకి వచ్చి ఆరాంఘర్ చేరాను. భోజనానికి ఆగిన సమయంతో కలిపి మేడ్చల్ నుంచి శంషాబాద్ చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రోజు ఒంటికి అలుపు తెచ్చినది రహదారి కాదు, ఈ నగర ప్రయాణమే.

బీచుపల్లి వద్ద కృష్ణను సాయంత్రం 4 గంటల 30 నిమిషాలకు దాటాను. తుంగభద్ర దాటి కర్నూలులో అడుగు పెట్టేసరికి పొద్దు వాలుతోంది. 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఈ పట్టణం. డోన్ వద్ద పూర్తిగా చీకటి పడింది. గుత్తి దాటినప్పుడు 7 గంటల 10 నిమిషాలు.

రాత్రి 8 గంటలకు అనంతపురం శివార్లలో పెట్రోలు బంకు వద్ద ఆగి, పెన్నా దాటిన వేళ రాయడానికి పుస్తకం తెరిచాను. రాయడానికి ఏమీ తోచలేదు. పామిడి వద్ద పెన్నా మీది వంతెన ఎక్కిన జ్ఞాపకమే లేదు. చీకటిలో నీళ్లు కనిపించకపోవడం వేరు, వంతెనే గుర్తు లేకపోవడం వేరు. కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు బండిని నడుపుతూనే ఉన్నాయి, మనసు మాత్రం నిద్రపోయింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే 66 మీటర్లు చోదకుడు లేకుండానే సాగుతుంది. ఆ దారిలో ఒక ఎద్దు పడుకుని ఉన్నా, దీపాలు లేని లారీ నిలిచి ఉన్నా ఈ వ్యాసం రాసేవారుండరు.

పెట్రోలు పోసిన పెద్దాయన నా ముఖం చూసి, "యాడికి నాయనా?" అని అడిగాడు. బెంగళూరుకని చెప్పాను. "పొద్దున పోదువులే. బెంగళూరు యాడికీ పోదు" అన్నాడు. మిగిలినది 210 కిలోమీటర్లు మాత్రమే. మూడున్నర గంటల దారి. పంతం ముందుకు పొమ్మంది, ఖాళీగా ఉన్న పుస్తకంలోని ఆ వరుస వద్దంది. బస్‌స్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోతున్నవారు. అంటే రోజుకు సగటున 205 మంది. హెల్మెట్ ధరించని కారణంగా ఆ ఏడాది 50,029 మంది ప్రాణాలు పోయాయి. హెల్మెట్ లేకపోవడం, మితిమీరిన వేగం పోలీసు నివేదికలకు ఎక్కుతాయి. అలసట మాత్రం సులభంగా ఎక్కదు. ప్రమాదానికి ముందు చోదకుడు ఎన్ని గంటలు మేలుకొని ఉన్నాడో చెప్పగలిగినవాడు చాలా సందర్భాలలో అతడొక్కడే.

బస్సు, లారీ డ్రైవర్ల విషయంలో చట్టం ఈ అపాయాన్ని గుర్తించింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనినే సాధారణ పరిమితిగా నిర్ణయించింది. ఏకధాటిగా 5 గంటలకు మించి పని చేయించరాదని, ఆపై కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. ఆ చట్టం ఉన్నన్నాళ్లు ఏ మేరకు అమలైందన్నది వేరే ప్రశ్న. సొంత బండి మీద పోయేవానికి ఆ మాత్రం పరిమితి కూడా లేదు. అనంతపురం చేరేసరికి నేను బయలుదేరి 16 గంటలైంది. బస్సు డ్రైవరుకు చట్టం విధించిన హద్దుకు అది రెట్టింపు.

మోటారు సైకిలు ఈ దేశంలో వినోద వాహనం కాదు. 2024-25లో దేశీయ విపణిలో 1 కోటి 96 లక్షల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. పండుగకు సొంత ఊరు పోయే కూలీకి, నగరాల మధ్య తిరిగే చిరుద్యోగికి రైలులో చోటు దొరకనప్పుడు ఇదే ఆధారం. వారిలో అనేకులు ధ్రువపత్రం కోసం కాదు, మరునాటి ఉదయం పనిలో చేరడం కోసం రాత్రంతా నడుపుతారు. అటువంటివారు ఆగి ఓ గంట కునుకు తీసేందుకు వెలుతురు, నీళ్లు, బల్ల ఉన్న చోట్లు రహదారి పొడవునా కావాలి. లారీలకు నిలుపు స్థలాలు కేటాయించేటప్పుడు వీరిని కూడా లెక్కలోకి తీసుకోవడం పెద్ద ఖర్చు కాదు.

మరునాడు ఉదయం పెనుకొండ కొండలను ఎండలో చూస్తూ పోయాను. కొడికొండ దాటాక పేరు పలకలు కన్నడంలోకి మారాయి. 10 గంటలకు హెబ్బాళ చేరాను. నాలుగు రాష్ట్రాలను ఒక్క రోజులో దాటానని చెప్పుకునే అవకాశం పోయింది. పుస్తకంలో పెన్నా వరుస ఇప్పటికీ ఖాళీగానే ఉంది.