రాతిధూళి, ఊపిరితిత్తులు, ఔషధసేవనము

పెన్నా తీరమందలి తాడిపత్రి ఆలయముల శిల్పసంపదకే గాక బండల పరిశ్రమకును పేరుగాంచినది. నాపరాళ్ళను కోసి, నునుపుచేసి దూరప్రాంతములకు పంపుట ఇచ్చట ఎన్నియో కుటుంబములకు జీవనాధారము. ఆ పనిలో లేచు ధూళి కలిగించు దీర్ఘవ్యాధులను, వాని ఔషధములను గూర్చి మన విద్యార్థులు తెలిసికొనుట అవసరము.

పెద్ద రేణువులను ముక్కు, గొంతు చాలవరకు అడ్డగించును. 5 మైక్రానులకంటె, అనగా మిల్లీమీటరులో 200వ వంతుకంటె సూక్ష్మమైనవి ఊపిరితిత్తుల లోతట్టు గాలితిత్తులను చేరును. వానిలో సిలికా ఉన్నచో, దానిని మ్రింగబోయిన రక్షకకణములే నశించి, ఆ చోట మచ్చకట్టును. ఇదియే సిలికోసిస్. ఈ మచ్చను మాన్పు మందు లేదు. ధూళివలననే గాక బీడీపొగ, కట్టెలపొయ్యి పొగవలన కూడ శ్వాసనాళములు ఇరుకై దీర్ఘకాలపు దగ్గు, ఆయాసము కలుగును.

ఈ ఆయాసమునకు పీల్చెడు మందులు కలవు. 1969లో వాడుకలోనికి వచ్చిన సాల్బుటమాల్ నాళములను కొలది నిమిషములలో సడలించును. చేతివణకు, గుండెదడ దీని దుష్ఫలితములు. పీల్చెడు స్టెరాయిడు నాళముల వాపును తగ్గించును గాని నోటిలో తెల్లని పూత రావచ్చును. పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేసినచో ఈ బాధ చాలవరకు తప్పును. “పీల్చెడు మందు వ్యసనమగును” అను భయము నిరాధారము. స్టెరాయిడు మాత్రలను చిరకాలము వాడినచో రక్తములో చక్కెర పెరుగుట, ఎముకలు బలహీనపడుట కలదు. అట్లని వానిని హఠాత్తుగా మానుట ప్రమాదకరము. ఏలయన, శరీరము తన సహజ స్టెరాయిడు ఉత్పత్తిని అప్పటికే తగ్గించుకొని యుండును. వైద్యుని సలహాపై క్రమముగా తగ్గింపవలెను.

సిలికోసిస్ రోగులకు క్షయ సోకు అవకాశము హెచ్చు. క్షయకు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా మందులిత్తురు. సాధారణముగా 6 నెలల చికిత్స చాలును. సిలికోసిస్ కూడ ఉన్నచో వైద్యులు పొడిగింపవచ్చును. రిఫాంపిసిన్‌వలన మూత్రము ఎర్రబారుట హానికరము కాదు. కన్నులు పచ్చబడినను, చూపు మందగించినను వెంటనే వైద్యుని చూడవలెను. రెండు నెలలలో దగ్గు తగ్గినదని మందు మానిన రోగికి వ్యాధి తిరుగబెట్టి, ఆ మందులకే లొంగకపోవచ్చును.

రంజాన్ ఉపవాసములు పాటించు రోగులు సహరీ, ఇఫ్తారు వేళలకు మందులను సర్దుకొనుటను గూర్చి నెలకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. రోగులకు ఉపవాసమునుండి మినహాయింపు కలదని ఖురానే చెప్పుచున్నది.

మందులకన్న మిన్న నివారణ. నీరు చిమ్ముచు రాతిని కోయుట, ధూళిని లాగివేయు యంత్రములు, తగిన ముఖకవచము, ఏటేట ఎక్స్‌రే పరీక్ష శ్రామికులకు రక్షణలు. ముఖమునకు కట్టిన తువ్వాలు సూక్ష్మరేణువులను ఆపజాలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. కావున రోగి తాను చేసిన పనిని వైద్యునికి తప్పక చెప్పవలెను. మందుచీటి చదువలేని పెద్దలు ఇంట నున్నచో, ఏ మందు ఏ వేళకు, ఎన్నాళ్ళు వాడవలెనో విద్యార్థులే చదివి చెప్పుదురు గాక!