నల్ల పొగకు ముందు గాలి చూడాలి

లారీ నల్లగా పొగ కొడుతోందంటే ఓనర్లకు ముందు పంపే గుర్తొస్తుంది. "ఉస్తాద్, డీజిల్ ఎక్కువ పోతున్నట్టుంది, పంపు ఇప్పుర్రి" అంటూ వస్తారు. వేలకు వేలు పోసి పంపును టెస్టింగ్ బెంచీ ఎక్కించి దించుతారు. అయినా పొగ అలాగే ఉంటుంది. బహదూర్‌పురాలో డీజిల్ బండ్ల పని చేసే మిస్త్రీగా నేను అందరికీ చెప్పేది ఒకటే: పంపు ముట్టుకునే ముందు గాలి సంగతి చూడండి.

ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే దాదాపు పది వేల లీటర్ల గాలి కావాలి. ఇంజను నిజానికి అంతకన్నా ఎక్కువే పీల్చాలి, అప్పుడే సిలిండర్లో పడ్డ ప్రతి తుంపరకూ గాలి అందుతుంది. గాలి తగ్గినా, ఉన్న గాలికి మించి డీజిల్ పడినా కాలీకాలని కర్బనం మసిగా బయటికొస్తుంది. నీలం పొగైతే ఇంజనాయిల్ కాలుతోందని లెక్క. తెల్ల పొగైతే డీజిల్ మండకుండానే పోతోంది, లేదా కూలెంటు లోపలికి దిగుతోంది. సైలెన్సర్ చివర గుడ్డతో తుడిచి చూడండి. పొడి మసి అంటితే గాలికీ డీజిల్‌కీ లెక్క తప్పింది. జిడ్డుగా అంటితే ఆయిల్ వైపు వెతకాలి.

తర్వాత డ్రైవర్‌ని కూర్చోబెట్టి అడగాలి. ఖాళీ బండికీ పొగ వస్తోందా, లోడు మీదేనా? పికప్ తగ్గిందా? టర్బో ఈల మారిందా? రోజంతా స్టీరింగ్ పట్టుకునేవాడికి తెలిసినంత ఓనర్‌కు తెలియదు. పికప్ బాగానే ఉండి పొగ పెరిగితే నా అనుమానం డీజిల్ మీదికి పోతుంది. పికప్ పోయి పొగ వస్తుంటే గాలి మీదికే.

ఎయిర్ ఫిల్టర్‌తో మొదలు పెడతాను. కాటేదాన్ ఫ్యాక్టరీల చుట్టూ, కంకర క్వారీలకూ తిరిగే బండ్ల ఫిల్టర్లు కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగవు. క్లీనర్ దాన్ని తీసి టైరుకేసి నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ పెట్టేస్తాడు. ఆ దెబ్బలకు కాగితం చిరుగుతుంది, ఇక దుమ్ము నేరుగా టర్బో రెక్కల మీదికే. దులపాలంటే లోపలి నుంచి బయటికి తక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టాలి. తర్వాత ఫిల్టర్ లోపల టార్చి వెలిగించి చూడాలి. ఎక్కడైనా సూది మొనంత వెలుగు కనబడితే పారేయాల్సిందే.

అసలు దొంగ ఎక్కువసార్లు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు హోస్‌లో దొరుకుతాడు. బండి ఆగి ఉన్నప్పుడు హోస్ నిక్షేపంగా కనిపిస్తుంది. లోడు పడి టర్బో గాలి నిండగానే పగులు నోరు తెరుస్తుంది. మొన్న వచ్చిన పది టైర్ల టిప్పర్‌ది అదే కథ. కింద దూరి హోస్ అడుగున చెయ్యి పెడితే, క్లిప్పు పక్కన బ్రాకెట్‌కు ఒరుసుకున్న చోట వేళ్లకు తడి తగిలింది. టర్బో నుంచి వచ్చే కొద్దిపాటి ఆయిల్ ఆవిరికి దుమ్ము అంటుకుని, అక్కడొక నల్ల చార కట్టింది. హోస్ మీద సబ్బు నీళ్లు పోసి, క్లీనర్‌ని రేస్ ఇవ్వమన్నాను. బుడగలు బుస్సుమని పొంగాయి. కొత్త హోస్, రెండు క్లిప్పులు వేశాం. పంపు సీలు ముట్టుకోనే లేదు.

గాలి లోపలికి పోయే దారి బాగుంటే బయటికొచ్చే దారి చూడాలి. ఎగ్జాస్ట్ బ్రేకు పలక సగం మూసుకుని ఇరుక్కుంటే పొగ బయటికి రాలేక ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. చక్రాల బ్రేకులు జామైనా, ఓవర్‌లోడు వేసినా పొగ రాకుండా ఎలా ఉంటుంది?

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే నాజిళ్లు. పాత పంపు ఇంజన్లలో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసి చూస్తాం. ఏ సిలిండర్ ఆపితే పొగ తగ్గుతుందో ఆ నాజిల్ తుంపర కొట్టడం మాని చుక్కలు కారుస్తోందన్నమాట. కామన్ రైల్ ఇంజన్ల దగ్గర మాత్రం ఈ పని ఎవరూ చేయొద్దు. అందులో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ప్రెషర్‌తో ఉంటుంది, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. వాటికి స్కానర్ పెట్టే చూడాలి. పంపు చివరి మాట. పవర్ కోసం ఎవరైనా సీలు తెంచి స్క్రూ తిప్పితే, దాన్ని టెస్టింగ్ బెంచీ మీదే మళ్లీ సెట్ చేయించాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీలకు మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. వాటి సైలెన్సర్‌లో వేలు పెడితే మసి అంటకూడదు. అంటిందంటే డీపీఎఫ్ పగిలింది, లేదా ఎవరో లోపలి సరుకు పీకేశారు. ఆ పీకే పని చేయమని నన్నూ అడుగుతారు. నేను చేయను.

"పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కద ఉస్తాద్" అనేవాళ్లకూ ఒక మాట. ఆ పరీక్షలో గేరు వేయకుండా, బండి నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి పొగ కొలుస్తారు. బీఎస్-4 బండికి హద్దు 1.62, బీఎస్-6కు 0.7. నిలబడ్డ బండి హోస్‌లో లోడు మీద తెరుచుకునే పగులు అక్కడ బయటపడకపోవచ్చు.

మా దగ్గరి జూ పార్కులోనే కాలుష్య నియంత్రణ మండలి గాలిని కొలిచే కేంద్రం ఉంది. అది లెక్కించే సన్నటి ధూళి, పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. డీజిల్ మసి ఆ ధూళిలోదే. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేల్చింది. పాతబస్తీలో ఇళ్లు రోడ్డును ఆనుకునే ఉంటాయి. రాత్రి లారీ ఒదిలే పొగ మా పిల్లలు పడుకున్న గదుల్లోకే వస్తుంది.

పొగ తగ్గాక ఇంకో పని మిగులుతుంది. ఇన్నాళ్లూ కాలని మసి కొంత పిస్టన్ల పక్కనుంచి ఇంజనాయిల్లో కలిసి దాన్ని చిక్కబరిచి ఉంటుంది. రిపేరు చేసిన రోజే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చేయండి. లేకపోతే బేరింగులు అరుగుతాయి. మార్చాక లోడుతోనే ఒక ట్రిప్పు వేసి, అద్దంలో వెనక చూసుకోమని డ్రైవర్‌కు చెప్పండి.