పథకానికి ముందు 'కచ్చా కుట్టు': తుమ్మలపల్లెకు ప్రోటోటైప్ ఎందుకు కావాలి?

షేర్వానీ కుట్టే దర్జీ గుడ్డను నేరుగా మిషన్ కింద పెట్టడు. ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగించి చూస్తాడు. భుజం దగ్గర బిగిస్తే దారం లాగేసి మళ్లీ కుడతాడు. డిజైన్ రంగంలో దీన్నే ప్రోటోటైప్ అంటారు. అంటే మచ్చు నమూనా. ఇప్పుడు ప్రపంచ స్థాయిలో ఆరోగ్య విధానాలు తయారుచేసేవాళ్లు కూడా ఈ దారి పడుతున్నారు.

పైలట్‌కూ దీనికీ తేడా ఏంటి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. 2008లో రాష్ట్రమంతా వచ్చింది. ఇది పైలట్. నిబంధనలు ఖరారయ్యాక కొన్నిచోట్ల అమలు చేసి చూడటం. ప్రోటోటైప్ అంతకంటే ముందు మెట్టు. జీవో రాకముందే, చేత్తో రాసిన ఫారం పట్టుకుని జనం దగ్గరకు వెళ్లడం. తప్పు తేలితే పోయేది నాలుగు కాగితాలే. జీవో వచ్చాక తేలితే నష్టపోయేది రోగులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చేసింది?

ఆపరేషన్లలో పొరపాట్లు తగ్గించేందుకు ఈ సంస్థ ఒక చెక్‌లిస్ట్ తయారుచేయించింది. దానికి నాయకత్వం వహించిన భారత సంతతి సర్జన్ అతుల్ గవాండే తొలి మచ్చును తన ఆపరేషన్ థియేటర్‌లోనే వాడి చూశారు. అది పొడవుగా, గందరగోళంగా ఉంది. పనికిరాలేదు. విమాన పైలట్ల చెక్‌లిస్టులు ఎలా రాస్తారో తెలుసుకుని, దాన్ని మార్చారు. చివరికి 19 అంశాలు మిగిలాయి. ఢిల్లీ సహా 8 నగరాల ఆస్పత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు.

అలాగని ఇది మంత్రదండం కాదు. కాన్పుల కోసం చేసిన ఇలాంటి చెక్‌లిస్ట్ కర్ణాటకలోని ఒక ఆస్పత్రిలో బాగా పనిచేసింది. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆస్పత్రుల్లో పెద్దఎత్తున పరీక్షించినప్పుడు సిబ్బంది పనితీరు మెరుగైంది కానీ మరణాలు తగ్గలేదని 2017లో తేలింది. మచ్చు బాగుంటే చాలదు, కొలత ఆగకూడదు.

తుమ్మలపల్లెలో అయితే?

కడప జిల్లా వేముల మండలంలోని ఈ ఊళ్లో యూసీఐఎల్ యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడుతున్నాయని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. సంస్థ ఒప్పుకోవడం లేదు.

ఇలాంటి ఊళ్లకు క్రమం తప్పని ఆరోగ్య పరీక్షల పథకం పెట్టాలనుకుందాం. ఆఫీసులో రాస్తే శిబిరం ఉదయం 10 గంటలకు అని ఉంటుంది. ఆ వేళకు కూలీలు చేలల్లో ఉంటారు. చర్మం చూపించాలంటే ఆడవాళ్లకు ఆడ డాక్టరో, నర్సో కావాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు తెలుగు రిపోర్టును ఎవరు చదివి చెప్పాలి? నీళ్ల పరీక్ష ఫలితం ఎవరి చేతికివ్వాలి? పది ఇళ్లలో ఉత్తుత్తి శిబిరం పెట్టి చూస్తే ఇవన్నీ వారంలో బయటపడతాయి.

అయితే ఒక షరతు. అడిగినవాళ్ల మాట విని ఫారం మార్చాలి. అభిప్రాయం తీసుకుని, పాత కాగితాన్నే జీవోగా తెస్తే అది ప్రోటోటైప్ కాదు, ఫొటోల కోసం పెట్టిన మీటింగే.