కాకా ఒక్కటేనా మాట?

మన కళాశాలలో ఒకరు ఇంకొకరిని మెచ్చుకుంటే చాలు, పక్కనున్నవాడి నోట వెంటనే వచ్చే మాట ఒకటుంది: "కాకా పడుతున్నాడు." ప్రాక్టికల్స్ రోజున లెక్చరరు గారికి నమస్కారం పెట్టినా కాకాయే. పాఠం బాగా అర్థమైంది సార్ అని నిజం చెప్పినా కాకాయే. మెస్సులో వంటాయనతో సాంబారు అమృతంలా వుందన్నా కాకాయే. (ఈ మూడోది మాత్రం నిజంగానే కాకా అని నా అభిప్రాయం.) ఈ మాటకు జడిసి, మాస్టారికి కృతజ్ఞత చెప్పుకోవాలనుకున్నవాళ్లు కూడా నోరు మూసుకుని వెళ్లిపోతున్నారు. తెలుగులో ఇన్ని మాటలుండగా అన్నిటినీ ఒకే గాటన కట్టడం దేనికి?

పుస్తకాల మాట ముఖస్తుతి. అనగా మొహం ఎదుట చేసే పొగడ్త. మనిషి లేనప్పుడు మెచ్చుకుంటే ఆ మాట చెల్లదు. ఇచ్చకం అనేది ఇచ్చ నుంచి పుట్టింది. వినేవాడి మనసులో కోరిక ఏదో కనిపెట్టి దానికి తగ్గట్టు పలకడం. దీనికి పొగడ్త కూడా అక్కర్లేదు, "తమరన్నదే రైటు" అంటే సరిపోతుంది. బాకా వూదడం, డప్పు కొట్టడం వూరికి వినిపించడం కోసం. పొగిడించుకునేవాడు అక్కడ లేకపోయినా జరిగిపోతుంది. భజనకు గుంపు వుండాలి, తాళం తప్పకూడదు. మస్కా అంటే పారసీలో వెన్న. హైదరాబాదు ఇరానీ హోటల్లో బన్ను మీద రాసేదీ అదే, మనుషుల మీద రాసేదీ అదే. భట్రాజు పొగడ్తలు అని తేలిగ్గా అంటాం గాని, రాజుల కొలువులో అది పదిమందీ ఎరిగిన వృత్తి, దొంగచాటు పని కాదు. ఇక కాకా పట్టడమంటే కింద వున్నవాడు పైవాడికి చేసేది. ప్రిన్సిపాలు గారు అటెండరుకు కాకా పట్టారని చెప్పి చూడండి, ఎవరైనా నవ్వుతారు.

సోపు వేయడం అనే మాట ఎవరు పుట్టించారో గాని రసాయన శాస్త్రం తెలిసినవాడే అయివుండాలి. సబ్బు అణువుకు రెండు కొసలుంటాయి. ఒకటి నీటిని కోరుతుంది, పొడుగాటి తోక జిడ్డును పట్టుకుంటుంది. జిడ్డు చుట్టూ చేరిన తోకలన్నీ దాన్ని వూడదీసి నీళ్లతో పాటు లాక్కుపోతాయి. మనుషుల్లోనూ అంతే, జిడ్డు వున్న చోటికే తోక వెడుతుంది!

ములగచెట్టు ఎక్కించడం వీటన్నిటికంటె ప్రమాదకరమైనది. ములగ చాలా వేగంగా పెరిగే చెట్టు, నాటిన ఏడాదిలోనే ఇంటి చూరు దాటుతుంది. అంత తొందరగా పెరిగిన కలపలో గట్టిదనం వుండదు. మెత్తగా, నీరు పట్టి వుంటుంది; చింతకొమ్మలా వంగదు, పుటుక్కున విరుగుతుంది. అందుకే పల్లెల్లో కాయల కోసం దాన్ని ఎక్కరు, కింద నిలబడి దోటితో లాగుతారు. ఎక్కించేవాడికి ఈ సంగతి తెలుసు, ఎక్కేవాడికే తెలియదు.

ఇక నాకు అన్నిటికంటె నచ్చిన మాట దువ్వడం. ఇది పశువుల కొట్టంలోంచి వచ్చిందని నా నమ్మకం. కొత్త కోడెను మచ్చిక చేసుకోవాలంటే గంగడోలు నిమరాలి, వీపు దువ్వాలి. పాడిపశువు దగ్గర దూడను వదిలి, పొదుగు నిమిరితే అప్పుడు చేపుతుంది. ఆ తాకిడి నరాల ద్వారా మెదడుకు చేరి, పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అది పొదుగులోని కండరాలను నొక్కి పాలను దింపుతుంది. దాని ప్రభావం కొద్ది నిమిషాలే, గబగబా పితుక్కోవాలి. పశువు బెదిరితే చేపు ఆగిపోతుంది. (దువ్వే ఓపిక లేనివాళ్లు అదే హార్మోనును సూదితో ఎక్కించడమూ వుంది.) అలసంద చేలో పేనుబంక మీద చీమలు చేసేదీ ఇదే పని. మీసాలతో పేనును మెల్లగా తట్టితే అది తియ్యటి జిగురు బొట్టు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు పేనుకు కాపలా కాసి, దాన్ని తినవచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. చూసేవాడికి ఎంత ఆప్యాయతో!

ప్రేమ ఎక్కువైనప్పుడు పలికే మాటలు వేరు. గారాబం పెద్దలు చేసేది, గారాలు పోవడం పిల్లలు చేసేది. నెత్తికెక్కించుకున్నారు అన్నది ఇరుగుపొరుగు తీర్పు. ప్రేమ ఒలకబోస్తున్నాడు అంటే మాత్రం లోపల లేదని అర్థం. నిండుకుండ తొణకదు గదా.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, మాలాంటి వాళ్లను దువ్వేవాళ్లు తక్కువేం కాదు. రైతే రాజు, రైతు దేశానికి వెన్నెముక, అన్నదాత అని సభల్లో వింటూనే వున్నాం. దీన్ని కాకా అనడానికి లేదు, పొగిడేవాడు పైన వున్నాడు. ఒకసారి పత్తి అమ్మడానికి నాన్నతో వెళ్లాను. అడ్తి వ్యాపారి కుర్చీ వేయించి, టీ తెప్పించి, "మీ చేతి పత్తి ఇంకెవరికి వస్తుందండీ!" అన్నాడు. ఆ పత్తే కాటా ఎక్కగానే తేమ ఎక్కువైంది, గుడ్డిపత్తి కలిసింది, తరుగు పోయింది. తిరుగుదారిలో నాన్న ఒక్క మాటే అన్నారు: "బాగా దువ్వాడురా." తిట్టలేదు. చెయ్యి ఎక్కడ నిమిరిందో, పాలు ఎటు పోయాయో ఆ ఒక్క మాటలోనే వుంది. కాకా, సోపు అంటే అంత అర్థం రాదు.

అయితే దువ్వడమంతా మోసం అనడానికీ లేదు. మా ఇంట్లో ఒక గేదె వట్టిపోయి నాలుగు నెలలైంది. అమ్మ ఇప్పటికీ రోజూ సాయంత్రం దాని మెడ నిమురుతూ నిలబడుతుంది. ఎందుకమ్మా, పాలా పాడా అని అడిగితే, "ఈగలు ముసురుతున్నాయిరా దానికి" అంది.