పెత్రమాస నాటి పూల వరుసలు

పెత్రమాస అంటే మన ప్రాంతంలో తెలియనివారుండరు. భాద్రపద బహుళ అమావాస్య, పెద్దల అమావాస్య. ఆనాడు పొద్దున పోయినవారి పేరు చెప్పి బియ్యం, పప్పు, ఉప్పు, కూరగాయలు ఇస్తారు. అదే సాయంత్రం ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుకొని వస్తారు. తొమ్మిదిరోజుల పండుగకు అదే మొదలు. ఈ రెండూ ఒక్కనాడే ఎందుకని చిన్నప్పుడు అడిగితే మా అవ్వ, "పోయినోళ్లను తల్సుకోవాలె, ఉన్నోళ్లు బతకాలె బిడ్డా" అన్నది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

అమ్మ పోయిన తర్వాత అర్థమైంది. ఆ ఏడాది మా ఇంట్లో పండుగల్లేవు. మరుసటేడు పెత్రమాసకు అన్నయ్య నువ్వులు, నీళ్లు విడిచాడు. అయ్యగారు పేర్లు చెప్పించారు. అమ్మ పేరు అన్న నోట వింటూ నేను గడప దగ్గర నిలబడ్డాను. కూతురికి ఆ తంతులో చోటు లేదు.

సాయంత్రం తాంబాళం ముందర కూర్చొని తంగేడు పూలు పేరుస్తుంటే పక్కింటి చిన్నమ్మ, "మీ అమ్మ గునుగు కాడలు ఇంత పొడుగు ఉంచకపోయేది, అన్నీ ఒక్క తీరుగ కోసేది" అన్నది. ఆ మాటతో ఇంకో మాట, దానితో మరొకటి వచ్చాయి. ఏడాది కాలంగా నలుగురిలో అమ్మ ఊసెత్తలేనిదాన్ని ఆ పూట నవ్వుతూ, ఏడుస్తూ మాట్లాడాను. చేతులకు పని దొరికితే నోటికి మాట దొరుకుతుందని తెలిసింది.

ఆ అనుభవంతోనే సెలవులకు ఊళ్లకు పోయే ముందురోజు మా హాస్టలులో పదిమందిమి కూర్చున్నాము. ఇతర మిత్రులకు కూడా ఉపయోగపడుతుందని ఆ పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాను.

అచ్చంపేట చుట్టూ బీళ్లలో తంగేడుకు కొదువ లేదు. కొమ్మలు విరవకుండా పూలగుత్తులు మాత్రమే తెచ్చుకోవాలి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు వెంట తంగేడు గుండ్రంగా పేర్చాలి. నడుమ ఖాళీని తరిగిన ఆకులతో నింపుతూ పోవాలి, లేకపోతే వరుసలు కూలిపోతాయి. ఆపైన గునుగు, బంతి వరుసలు. చివరన పసుపు గౌరమ్మ. ఒక్కొక్కరు ఒక్కొక్క వరుస పేర్చాలి. పేరుస్తూ తాము తలుచుకునేవారి పేరు, వారి గురించి ఒక చిన్న సంగతి చెప్పాలి. గొప్ప గుణాలే చెప్పనక్కరలేదు. చెప్పలేనివారిని ఎవరూ బలవంతపెట్టరాదు, ఏడ్చేవారిని ఆపరాదు. వేదిక, మైకు, ఉపన్యాసం అసలే వద్దు.

మాలో ఒకామె తండ్రి వలస పనికి పోయి, దూరదేశాన పనిచోటనే కన్నుమూశాడు. ఆమె ఎవరితోనూ ఆ సంగతి ఎత్తేది కాదు. ఆనాడు బంతి వరుస పేరుస్తూ, "మా నాయిన ఊరి నుంచి వచ్చినప్పుడల్లా నాకు గాజులు తెచ్చేది, ఒక్కసారి కూడా కొలత సరిపోలె" అన్నది. అందరం నవ్వాము. ఆమె కూడా నవ్వింది.

ఇటువంటిది మన దగ్గరే కాదు. ఆమె చేతిలోని బంతిపువ్వు జన్మస్థలం మెక్సికో. అక్కడి ప్రజలు నవంబరు 1, 2 తేదీలలో అవే పూలతో తమ మృతులకు స్వాగతం పలుకుతారు. అమెరికాలో ఎయిడ్స్‌తో మరణించినవారి కోసం ఆత్మీయులు కూడి, ఒక్కొక్కరి పేర ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గుడ్డ కుట్టి, అన్నింటినీ బొంతలా జోడించారు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పరిచినప్పుడు అందులో 1,920 గుడ్డలున్నాయి. ఆ రోగం పేరెత్తడానికే లోకం జంకిన కాలమది. సూదీ దారమూ ఆ పేర్లను బయటికి చెప్పించాయి.

వాళ్ల బొంతను దాచిపెట్టుకున్నారు. మన బతుకమ్మను మాత్రం నీళ్లలో విడిచిపెడతాము. ఆ సాయంత్రం ఆడిపాడి, చెరువులో విడిచి, ఒడ్డున కొంతసేపు నిలబడ్డాము. పూలు కొట్టుకుపోయాయి. పదిమంది పేర్లు మాత్రం మా పదిమందికీ తెలుసు. ఇక మా అమ్మను తలుచుకునేదాన్ని నేనొక్కదాన్నే కాను.

మిత్రులారా, వచ్చే పెత్రమాసకు మీ పక్కగదిలో మౌనంగా ఉండే స్నేహితురాలిని పిలవండి. ఓదార్పు మాటలు వెతుక్కోనక్కరలేదు. ఆమె చేతికి గుప్పెడు తంగేడు పూలివ్వండి.