కప్పుగల కొయ్య వంతెనలు

వంతెనకు ఇంటివలె పైకప్పు, పక్క గోడలు ఉండుట మనకు వింతగా తోచును. అమెరికాలోని అయోవా రాష్ట్రమున మాడిసన్ కౌంటీ అను వ్యవసాయ ప్రాంతము కలదు. అక్కడ మొక్కజొన్న పొలముల నడుమ ఇట్టి కొయ్య వంతెనలు ఒకప్పుడు 19 ఉండెడివి. నేడు 6 మాత్రమే ఉన్నవి. అందులో సీడర్ వంతెన తిరిగి కట్టినది. బాటసారులు తడవకుండుటకే ఈ కప్పు వేసిరని కొందరు తలంతురు. నిజమునకు తడవకూడనిది వంతెనయే.

ఇట్టి వంతెనలలో బరువు మోయునవి ఇరుప్రక్కల నిలిచిన కొయ్య చట్రములు. ఇథియల్ టౌన్ అను వాస్తుశిల్పి 1820లో పేటెంటు పొందిన పద్ధతిలో, పలకలను ఏటవాలుగా తడకవలె అల్లి, అవి కలియు చోట్ల కొయ్య చీలలు దిగగొట్టుదురు. పెద్ద దూలములతో పని లేదు. ఊరి వడ్రంగులే కట్టగలరు. అయితే ఈ అల్లికలో కీళ్ళు లెక్కకు మిక్కిలి. వాననీరు దిగి నిలుచునది ఆ సందులలోనే.

కొయ్యను పుచ్చజేయునవి శిలీంధ్రములు. వీని సిద్ధబీజములు గాలిలో అంతటను ఉండును. అవి పెరుగుటకు ఆహారము, గాలి, వెచ్చదనము, తేమ కావలెను. పొలములో పాతిన కంచె గుంజను చూడుడు. పైభాగము ఎండియుండును, లోతున గాలి చాలదు, రెండును సమకూరు నేలమట్టముననే అది పుచ్చి విరుగును. వంతెనకు ఆహారము కొయ్యయే, గాలిని ఆపలేము. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే.

120 గ్రాముల కొయ్యముక్కను, బరువు ఇక తగ్గనంతవరకు ఎండించగా 100 గ్రాములు తూగినచో, అందలి తేమ నూటికి 20 పాళ్ళు అందుము. (బడిలో త్రాసుతో ఇది చేసి చూడవచ్చును.) తేమ ఇంతకు లోబడి ఉన్నంతకాలము శిలీంధ్రములు పెరుగజాలవు. కప్పులేని కొయ్య వంతెన 10, 20 ఏండ్లలో పాడగును. కప్పుగలది నూరేండ్లు దాటియు నిలుచును. పైపలకలు చెడినచో మార్చుట చౌక, లోపలి చట్రమును మార్చుట ఖరీదు.

కావున పరిరక్షణలో మొదటి పని కప్పు కారకుండ చూచుట. చట్రపు కొనలు రాతికట్టపై ఆను చోట మట్టి, ఆకులు చేరనీయరాదు. సుత్తితో తట్టగా బోలుగా మ్రోగినచో లోపల పుచ్చినదని అనుమానింపవలెను. ఎండుకొయ్య విద్యుత్తును సులభముగా పోనీయదు. అందుచే రెండు సూదులు గుచ్చి నిరోధమును కొలిచి తేమను తెలిసికొందురు. బరువైన వాహనముల కొరకు కొన్నిచోట్ల అడుగున ఉక్కు దూలములు పెట్టుదురు. అప్పుడు పాత చట్రము కేవలము అలంకారమగును. దానికంటె బరువుకు హద్దు విధించి, చట్రముచేతనే మోయించుట మేలని నా అభిప్రాయము.

చిక్కు ఏమనగా, కుళ్ళకుండ కాపాడు ఎండుతనమే కొయ్యను నిప్పుకు సిద్ధము చేయును. 1883లో కట్టిన సీడర్ వంతెనను 2002లో ఎవరో తగులబెట్టిరి. 2004లో తిరిగి కట్టిరి. 2017లో మరల నిప్పు పెట్టగా, 2019లో మరల కట్టిరి. ఆకారము పాతదే అయినను, నూరేండ్లు దాటి బరువు మోసిన ఆ కొయ్య ఇక రాదు. అగ్నిని అడ్డు లవణములను కొయ్యకు పట్టించవచ్చును. కాని వానిలో పెక్కు నీట కరుగునవి, తడిసిన కొలది కొట్టుకొనిపోవును. వానికిని పైన కారని కప్పు ఉండవలెను.